వెండి గొలుసు: అతుకు చెప్పే మాట

*శుక్రవారపు వాక్య ధ్యానం*
చదవవలసిన భాగములు: మలాకీ 3:3, ఎఫెసీయులకు 4:16, మత్తయి 5:23-24



సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు బిడ్డకు పట్టగొలుసులో, చిన్న పిల్లవాడికి వెండి మొలతాడో తీసుకుపోవాలని మనలో చాలామందికి ఆశ. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా మెషిన్ మీద అల్లినవే. కానీ చేత్తో గొలుసు చేసే అవుసలి పక్కన కాసేపు కూర్చుంటే దేవుని వాక్యం కళ్లముందే జరుగుతున్నట్టు ఉంటుంది. మా కరీంనగర్ వెండి తీగ పనికి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తీగ పనికైనా, గొలుసు పనికైనా మొదలు ఒక్కటే. వెండి ముందు నిప్పులోకి పోవాలి.

*1. నిప్పు దగ్గర కూర్చునేవాడు*

వెండి కరగాలంటే దాదాపు 962 డిగ్రీల వేడి కావాలి. మూసలో వెండి పెట్టి అవుసలి లేచి బయటకు పోడు, అక్కడే కూర్చుంటాడు. వేడి తక్కువైతే కరగదు, ఎక్కువసేపు వదిలేస్తే పాడవుతుంది. మలాకీ ప్రవక్త కూడా ప్రభువు వెండిని శుద్ధి చేసేవానిలా కూర్చుంటాడనే చెప్పాడు. కరిగిన వెండిలో తన ముఖం కనబడేదాకా కంసాలి చూస్తాడనే కథ మీరు చాలా ఫార్వర్డులలో చదివి ఉంటారు. ఆ మాట ఆ వచనంలో లేదు. ఆయన కూర్చుంటాడనే మాట ఉంది, మనకు అది చాలు. శ్రమలో ఉన్నవాణ్ణి విడిచిపెట్టి పోయే దేవుడు కాదు మన దేవుడు.

*2. కమ్మచ్చులో లాగబడే తీగ*

కరిగిన వెండిని కడ్డీగా పోసి, సుత్తితో కొట్టి సాగదీసి, కమ్మచ్చులో లాగుతారు. కమ్మచ్చు అంటే వరుసగా రంధ్రాలున్న ఇనుప పలక. పెద్ద రంధ్రంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చిన్నదానిలోకి పోతారు. మొదటిసారే అన్నిటికంటే చిన్న రంధ్రంలో లాగే అవుసలి ఎవడూ ఉండడు. మనం సహింపగలిగిన దానికంటే ఎక్కువ శోధన రానివ్వడని 1 కొరింథీయులకు 10:13 చెప్పేది ఈ సంగతే.

ఇంకొక సంగతి చూడండి. లాగేకొద్దీ వెండి గట్టిపడుతుంది. అది వెండి చెడ్డదై కాదు, లాగినందుకు. అట్లనే బలవంతంగా లాగితే తెగిపోతుంది. అప్పుడు పనివాడు లాగడం ఆపి, తీగను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లారుస్తాడు. మళ్లీ మెత్తబడుతుంది.

ప్రియులారా, మనలో కొందరి గుండె ఇట్లనే గట్టిపడింది. ఎండలో పన్నెండు గంటల పని, వీసా కోసం చేసిన అప్పుకు మిత్తి, ఇంటి నుంచి ఫోనొస్తే మళ్లీ డబ్బు మాటే. మంచివాడే, కానీ మాట కటువైపోయింది. అట్లాంటి మనిషిని ఇంకా లాగకండి. మీరే ఆ మనిషైతే ప్రభువు సన్నిధిలో కొంతసేపు ఆగండి. ప్రార్థన లేకుండా రోజులు నెట్టుకొస్తే ఎక్కడో ఒకచోట తెగుతాం.

*3. టంకం సందును పూడ్చదు*

ఈ వారం ముఖ్యమైన మాట ఇది. తీగను ఒక కడ్డీకి స్ప్రింగులాగ చుట్టి, నిలువుగా కోస్తే చిన్న చిన్న రింగులు వస్తాయి. ఒకదానిలో ఒకటి వేసి, ప్రతి రింగు మూతిని టంకంతో అతుకుతారు. దీనికి మూడు నియమాలు ఉన్నాయి.

మొదటిది, శుభ్రం. చమురు, మురికి ఉన్నచోట టంకం పారదు. అందుకే తుడిచి, వెలిగారం రాస్తారు.

రెండవది, వేడి. మంట టంకం మీద ఒక్కదాని మీదే పెడితే అది ఉండకట్టి కూర్చుంటుంది. రింగు మొత్తం కాగాలి. టంకం వేడి ఉన్న వైపుకే పారుతుంది. పైగా టంకం కూడా వెండే. వేరే లోహం కలిపి, అసలు వెండికంటే ముందుగా కరిగేలా చేస్తారు. తాను ముందు కరగనిది ఇద్దరిని కలపలేదు.

మూడవది, దగ్గరితనం. రింగు రెండు చివరలు ఒకదానికొకటి తగలాలి. మధ్యలో సందు ఉంటే టంకం ఎంత పోసినా నిలవదు.

మన కూడికకు వచ్చే ఒక సహోదరునికి, ఊళ్లో ఉన్న ఆయన అన్నకు ఆరేండ్లుగా మాటల్లేవు. ఇరవై గుంటల పొలం, బోరు కోసం పంపిన డబ్బు, అదే తగాదా. తల్లి అన్న దగ్గరే ఉంటుంది. ఈయన ప్రతి నెల తల్లి మందులకు వేరేవాళ్ల ద్వారా డబ్బు పంపుతాడు. ఒక్క నెల తప్పలేదు. ఇక్కడ పాటలు పాడతాడు, కానుక ఇస్తాడు. కానీ అన్న నంబరు మాత్రం బ్లాకులోనే ఉంది.

పంపే డబ్బు తప్పు కాదు. అది మంచి వెండే. కానీ సందు అట్లనే ఉంది. బలిపీఠం దగ్గర కానుక పెట్టే ముందు పోయి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది ఇట్లాంటి మనకే. కానుక వద్దన్లేదు ఆయన. ముందు పొమ్మన్నాడు.

పొలం వదులుకోమని నేను చెప్పడం లేదు. లెక్క పెద్దమనుషుల ముందు తేల్చుకోవచ్చు. మాట ఆపకూడదు. అటువైపు వాళ్లు ఫోన్ ఎత్తకపోవచ్చు. రోమీయులకు 12:18 ప్రకారం మన చేతనైనంత మన బాధ్యత. మన వైపు చివరను మనం వంచుదాం.

తల్లి పోయాక టికెట్ దొరుకుతుందో లేదో, వీడియో కాల్‌లోనే సమాధి చూడాలో ఎవరికీ తెలియదు. ఆ పెట్టెను మోసేరోజు అన్నదమ్ములు మాట్లాడుకుంటే ఆమె చూడదు. ఇప్పుడైతే చూస్తుంది.

*4. చివరి పని*

అతుకు అయ్యాక గొలుసు నల్లగా ఉంటుంది. పటిక నీళ్లలోనో, చింతపండు నీళ్లలోనో ఉడికించి, రుద్దితే తెల్లబడుతుంది. సమాధానపడిన కొత్తలో కూడా మాటలు కొంచెం నల్లగానే ఉంటాయి. భయపడకండి, మెల్లగా మెరుస్తాయి. పౌలు చెప్పినట్టు శరీరమంతా కీళ్లచేతనే అతుకబడి ఎదుగుతుంది.

*ఈ వారం చేయవలసినది:* వచ్చే శుక్రవారంలోగా ఆ ఒక్క నంబరుకు ఫోన్ చేయండి. లెక్కలతో మొదలుపెట్టకండి. “అన్నా, బాగున్నవా? అమ్మ తిన్నదా?” అంతే చాలు.

*ప్రార్థన:* పరలోకమందున్న మా తండ్రీ, దూరదేశంలో గట్టిపడిన మా హృదయాలను మెత్తపరచుము. మమ్మల్ని ముందు కరిగించుము. విడిపోయిన ఇండ్లను నీ ప్రేమతో అతుకుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

మీ సహోదరుడు, గల్ఫ్ నుండి.

ఈ మాట ఇంకొకరికి పంపాలనిపిస్తే తప్పక పంపండి. అయితే ముందు ఆ ఫోన్ చేయండి, తర్వాత ఫార్వర్డ్ చేయండి. 🙏