జాలియా, వెలయా?

మొన్నటి కోతపండుగనాడు మన గుడి ఆవరణలో అంగవైకల్యముగల పిల్లల చేతిపనులను అమ్మకమునకు ఉంచితిమి. వచ్చిన సొమ్ము ఆ పిల్లలకే చెందును. వాటిలో నరసాపురపు లేసువలె అల్లిన రుమాలు ఒకటి. వెల 100 రూపాయలు. అల్లినది నడువలేని పదునాలుగేండ్ల బాలిక. పెద్దలొకరు ఆమె చేతిలో 200 పెట్టి, "రుమాలు నీ దగ్గరే ఉంచుకో తల్లీ" అని వెళ్లిపోయిరి. ఆమె మమ్మును చూచి, "అయ్యగారూ, నా లేసు బాగాలేదాండీ?" అని అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఇచ్చినవారి మనస్సు మంచిదే. అయితే ఆ బాలిక చేయి చాపలేదు. తన పనిని మన ముందు పెట్టెను. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె కుట్టిన బట్టలే (అపొ. కార్యములు 9:39). పనిని విడిచి డబ్బు మాత్రమే ఇచ్చితిమా, చేసినవారిని చూడనట్లే.

మరియొక సంగతి. 40 శాతము, అంతకు మించిన వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్య 2016 నాటి చట్టము ప్రకారము హక్కు. రుమాలు అమ్ముడుపోయినను పోకున్నను బడి వారిదే. దయ చూపితిమని దానిని మరువరాదు.

కావున నచ్చినచో వెలయిచ్చి కొనుడి, ఇంటికి తీసికొనిపోయి వాడుడి. నచ్చనిచో ఎందుకో చెప్పుడి. మరల బాగుగా అల్లుదురు.

ఆ సాయంకాలమే మేము 100 రూపాయలిచ్చి ఆ రుమాలు కొంటిమి. ఇప్పుడది ప్రభువు బల్లమీద గిన్నెను కప్పుచున్నది.