25 నిమిషాల్లో ఒక జీవితం

శరీరం కదలకుండా మనసు మాత్రమే బతికిన బతుకును నిజమనవచ్చా? 1992లో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ఎపిసోడ్ ‘ది ఇన్నర్ లైట్’ ఈ ప్రశ్న చుట్టూనే అల్లిన కథ. ముందు వెనుకల కథ తెలియకపోయినా చూడదగ్గ విడి ఎపిసోడ్లలో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ. మరుసటి ఏడాది దీనికి హ్యూగో అవార్డు దక్కింది.

ఓ అంతరిక్ష పరికరం నుంచి వచ్చిన కిరణం తగిలి నౌక కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పుతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ గ్రహం మీద అందరూ అతన్ని కామిన్ అని పిలుస్తుంటారు. మొదట్లో ఒప్పుకోడు. క్రమంగా భార్య ఎలీన్, పిల్లలు, ఏటేటా ముదిరే కరువు, చివరికి మనవడు అతనికి సొంతమవుతారు. మెలకువ వచ్చాక చూస్తే నౌకలో గడిచింది 25 నిమిషాలే. ఆ గ్రహం అంతరించి అప్పటికే వెయ్యేళ్లు. తమను ఒక్కరైనా గుర్తుంచుకోవాలని అక్కడివారు పంపిన పరికరం అది.

కవి మడికి సింగన తెనిగించిన యోగవాసిష్ఠానికి ఈ చిక్కు కొత్త కాదు. అందులో ఐంద్రజాలికుడు నెమలిపింఛం ఆడించగానే లవణ మహారాజు కొద్ది సేపట్లో చండాలుడిగా ఏళ్లకేళ్లు బతుకుతాడు. తర్వాత వింధ్యకు వెళ్లి వెతికితే తాను బతికిన ఆ పల్లె నిజంగానే కనిపిస్తుంది.

పికార్డ్‌కు దొరికే సాక్ష్యం ఒక వేణువు. విడి ఎపిసోడ్లకున్న పెద్ద లోపం, వారం తిరిగేసరికి జరిగినదేదీ మిగలకపోవడం. ఇక్కడ విద్య మిగిలింది. కామిన్‌గా నేర్చిన పాటను పికార్డ్ తన గదిలో తడబడకుండా వాయిస్తాడు. అనుభవం మాయే అయినా, దానివల్ల వచ్చిన నేర్పు మాత్రం మాయ కాదు.