అలంకరించిన కేకు, పంచిపెట్టిన భాగము

ధ్యాన భాగములు: నెహెమ్యా 8:9-12, 1 పేతురు 3:3-4, యోహాను 12:1-8



క్రిస్మసు పండుగ సమీపించునప్పుడు మన పల్లె సంఘములలోని ఇండ్లలో ఒక ప్రశ్న పుట్టుచుండును. "అరిసెలు, జంతికలు మన తాతలనాటినుండి ఉన్నవే గదా! ఈ కేకు ఎందుకు? దానిమీద నక్షత్రములు, పువ్వులు ఎందుకు? ఆ గుడ్లు అమ్మినయెడల పిల్లవానికి రెండు నోటుపుస్తకములు వచ్చును" అని ఇంటి పెద్దలు అందురు. "సంవత్సరమునకొకసారి, ప్రభువు పుట్టిన దినమున, మన ఇంటిలో అందమైనది ఒకటి ఉండరాదా?" అని కోడళ్లును పిల్లలును అందురు. పెద్దల మాటలో లోభము లేదు. పిల్లల మాటలో గర్వము లేదు. ఇరువురును మనస్సాక్షితోనే పలుకుచున్నారు. కాబట్టి ఈ సంగతిని దేవుని వాక్యపు వెలుగులో ఆలోచించుట మంచిది.

మొదట ఆ కేకు ఎట్లు తయారగునో చూతము. తేలికయైన స్పాంజి కేకునకు వెన్న అక్కరలేదు, వంటసోడా అక్కరలేదు. నాలుగు గుడ్లు, 120 గ్రాముల పంచదార, 120 గ్రాముల మైదాపిండి చాలును. నాటుకోడి గుడ్లు చిన్నవి గనుక ఐదు వేసికొనవచ్చును. గుడ్లను పంచదారతో కలిపి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెపై కొంచెము సేపు ఉంచి, గోరువెచ్చనైన తరువాత దింపి గిలకొట్టవలెను. పసుపుపచ్చని సొన క్రమక్రమముగా తెల్లబారి, మూడింతలై, గరిటె ఎత్తినప్పుడు నాడావలె జారి క్షణకాలము పైన నిలుచువరకు గిలకొట్టవలెను. చేతితోనైన యెడల ఇది ఇరువది నిమిషముల పని, చెయ్యి నొప్పిపుట్టును. తరువాత జల్లించిన పిండిని మూడు విడతలుగా చల్లి, అడుగునుండి పైకి మెల్లగా కలుపవలెను. పొయ్యిమీద దళసరి గిన్నెలో ఇసుక పోసి, పది నిమిషములు కాచి, నూనె రాసి పిండి చల్లిన పళ్లెములో ఈ మిశ్రమమును పోసి ఇసుకమీద పెట్టి, మూతవేసి, సన్నని సెగమీద ముప్పదియైదు నలుబది నిమిషములు ఉంచవలెను. చీపురుపుల్ల గ్రుచ్చి తీసిన యెడల దానికి ఏమియు అంటకూడదు.

1843లో ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హాము పట్టణమందు ఆల్ఫ్రెడ్ బర్డ్ అనునతడు, తన భార్యకు ఈస్టు సరిపడనందున, ఆమె కొరకు బేకింగ్ పౌడరు చేసెను. అంతకుమునుపు స్పాంజి కేకును పైకి లేపినది గుడ్ల నురుగును, ఇంటి ఇల్లాలి చేతి ఓపికయునే. ఆ నురుగులో చిక్కిన గాలి వేడికి వ్యాకోచించును. అయితే గాలి ఒక్కటే పెరుగునది సుమారు పావువంతు మాత్రమే. గుడ్లలోని నీరు ఆవిరియై ఆ బుడగలను మరింత ఉబ్బించును. అంతలో గుడ్డుసొన గట్టిపడి గోడవలె వాటిని నిలబెట్టును. గోడ గట్టిపడకమునుపు ఆతురపడి మూత తీసినయెడల, చల్లని గాలి తగిలి కేకు నడుమ క్రుంగిపోవును. నురుగు పొంగక మునుపే పిండి వేసిన యెడల అది రొట్టెవలె బరువెక్కును.

ఇక అలంకారము. పంచదారను మెత్తగా నూరి, పలుచని గుడ్డలో జల్లించుకొనవలెను. కాగితమును నక్షత్రము ఆకారముగా కత్తిరించి కేకుపై పరచి, పైన ఆ పొడి చల్లి, కాగితమును మెల్లగా తీసినయెడల తెల్లని పొడి నడుమ గోధుమరంగు నక్షత్రము నిలుచును. లేదా ఆ పొడిలో కొన్ని చుక్కల నిమ్మరసము కలిపి పైన పూసి, అంచున కొబ్బరికోరును, ఎండు ద్రాక్షలను అమర్చవచ్చును. ఒక్క నియమము మాత్రము మరువరాదు: కేకు పూర్తిగా ఆరిన తరువాతనే అలంకరింపవలెను. వేడిమీద చల్లినయెడల పంచదార కరిగి, తడియై, బొమ్మ చెరిగిపోవును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. అలంకారము పాపమా?

హోషేయ ప్రవక్త (7:8) ఎఫ్రాయిమును త్రిప్పివేయని అప్పముతో పోల్చెను. ఒక ప్రక్క మాడి, మరియొక ప్రక్క పచ్చిగా నున్న అప్పము ఎవరి ఆకలిని తీర్చును? అట్టి కేకుమీద ఎంత తెల్లని పంచదార చల్లినను, కోసినంతనే పచ్చిపిండి బయటపడును. మన ప్రభువు పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చినప్పుడు (మత్తయి 23:27) ఆయన గద్దించినది సున్నమును కాదు. సున్నము క్రింద దాచిన కుళ్లును. పేతురు భక్తుడు స్త్రీల అలంకారమును గూర్చి చెప్పినప్పుడును, హృదయపు అంతరంగ స్వభావమునకు మొదటి స్థానమిచ్చెను. మరి దేవుడు అందమును ద్వేషించువాడా? కాడు. అహరోనుకు ఘనతయు అందమును కలుగునట్లు వస్త్రములు కుట్టుమని ఆయనయే ఆజ్ఞాపించెను (నిర్గమ. 28:2). బెసలేలును తన ఆత్మతో నింపి, చేతిపని నేర్పినవాడును ఆయనయే (నిర్గమ. 31:1-5). కాబట్టి లోపల ఉడికిన దానిమీద అందము కృతజ్ఞత. లోపల పచ్చిగా నున్నదానిమీద అందము అబద్ధము. సంవత్సరమంతయు పలుకరించుకొనని తోడికోడండ్రు క్రిస్మసునాడు ఒకే కేకును కలిసి అలంకరించినయెడల, ముందు ఉడకవలసినది కేకు కాదని వారికే తెలియును.

అయినను పెద్దల ప్రశ్న ఇంకను మిగిలియున్నది: ఈ ఖర్చు తగునా? బేతనియలో మరియ విలువగల అత్తరు ప్రభువు పాదములకు పూసినప్పుడు, దానిని అమ్మి బీదలకియ్యవలసినదని యూదా ఇస్కరియోతు సణిగెను. ప్రభువు మరియ పక్షమున నిలిచెను. ఈ సంగతిని పట్టుకొని, "బీదలు ఎల్లప్పుడును ఉందురు గదా" అని మన విందులకు సాకు చెప్పుకొనువారు కలరు. కాని ద్వితీయోపదేశకాండము 15:11 తెరచి చూడుడి. బీదలు దేశములో ఉండక మానరు గనుకనే నీ చెయ్యి చాపవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. మరియను సమర్థించిన నోరు ఆ ఆజ్ఞను కొట్టివేయలేదు. పైగా మరియ పోసినది తనది. అప్పుతెచ్చి పోయలేదు, తన గొప్పకొరకు పోయలేదు. పొరుగింటివారికంటె పెద్ద కేకు పెట్టవలెనని వడ్డీకి రూకలు తెచ్చి, పట్టణమునుండి రెండంతస్తుల కేకు తెప్పించువాడు మరియను సాక్ష్యమునకు పిలువరాదు. ఆ కేకు రెండు దినములలో అయిపోవును; వడ్డీ సంక్రాంతి దాటినను నిలిచియుండును.

మన ప్రశ్నకు తేటయైన జవాబు నెహెమ్యా గ్రంథములో నున్నది. ధర్మశాస్త్రము విని ప్రజలు ఏడ్చుచుండగా, ఏడువవద్దనియు, వెళ్లి మంచి భోజనము చేసి మధురమైనది త్రాగుడనియు, తమకొరకు ఏమియు సిద్ధముచేసికొనలేని వారికి భాగములు పంపుడనియు వారితో చెప్పబడెను. తీపి తినుట తప్పనలేదు. అయితే తీపియును, పంపవలసిన భాగమును ఒకే ఆజ్ఞలో ఉన్నవి. ఒకదానిని ఉంచుకొని రెండవదానిని విడిచిపెట్టుటకు మనకు అధికారము లేదు. కొరింథు సంఘమువారు కలిసి భుజించుటకు కూడివచ్చినప్పుడు ఒకడు ఆకలితో, మరియొకడు మత్తుతో ఉండుట చూచి, లేనివారిని సిగ్గుపరచుచున్నారని పౌలు గద్దించెను (1 కొరింథీ. 11:21-22). లేనివాని కన్నుల యెదుట అలంకరించి, అతనికి ముక్క పెట్టనిచో, మన నక్షత్రము అతనికి వెలుగు కాదు, అవమానము.

సారెపతు విధవరాలిని తలంచుకొనుడి (1 రాజులు 17:8-16). తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. తానును కుమారుడును తిని చనిపోవుటకు సిద్ధపడినది. ఏలీయా మొదట తనకొక చిన్న అప్పము తెమ్మనెను. పెద్దది కాదు, చిన్నది. అయితే మొదటిది. మన ఇండ్లలోను కేకు కోయునప్పుడు మొదటి ముక్క ఎవరికి పోవుచున్నది? అంచున మిగిలిన పొడియా, నక్షత్రమున్న నడిమి ముక్కయా మనము పంపునది?

కాబట్టి ప్రియులారా, ఇంటిలో గుడ్లున్నయెడల కేకు చేయుడి, అందముగా అలంకరించుడి, పిల్లలను కాగితపు నక్షత్రము కత్తిరింపనియ్యుడి. అప్పుచేయకుడి. కోసినప్పుడు నక్షత్రమున్న ముక్కను వీధి చివర ఒంటరిగా నున్న ముసలమ్మకు పిల్లలచేతనే పంపుడి. ఆ సంవత్సరము ఇంటిలో మరణము సంభవించి పండుగ చేసికొనని వారిని మరువకుడి. గుడ్లు తినని పొరుగువారుందురు. వారికి చెప్పకుండ కేకు పెట్టుట ప్రేమ కాదు, వారి ఇంటికి అరటిపండ్లు పంపుడి. గుడ్లు లేని ఇంటివారు నొచ్చుకొనవద్దు. బెల్లపు అరిసెలో సగము త్రుంచి యిచ్చినను నెహెమ్యా చెప్పిన భాగము అదియే.

అప్పుడు పెద్దల ప్రశ్నకును, పిల్లల ప్రశ్నకును ఒకే జవాబు దొరకును. ఆ గుడ్లు వ్యర్థము కాలేదు. ఆ అందమును వ్యర్థము కాలేదు.

ప్రార్థన: పశువుల తొట్టిలో పరుండిన ప్రభువా, మా లోపలి పచ్చితనమును నీ ప్రేమాగ్నితో పక్వము చేయుము. మా పండుగలోని మొదటి ముక్క ఎవరిదో మాకు చూపుము. ఆమేన్.