పురుగు రాసిన అక్షరం

ఎండాకాలంలో ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నీరు వెనక్కి తగ్గితే ఒడ్డున బురద పలకలా తేలుతుంది. నత్తలు పాకిన జాడలు, వానపాములు పైకి తోసిన మట్టి మెలికలు దాని నిండా ఉంటాయి. తేరిపార చూస్తే ఒకచోట ‘ర’ ఉన్నట్టుంటుంది, ఇంకోచోట ‘ఠ’. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలపు చెరువు ఇది. ఒడ్డున ఈ రాతలు ఎన్ని వేసవులు పడి చెరిగాయో!

ఇలాంటి రాతకు శాస్త్రాల్లో ఒక పేరుంది: ఘుణాక్షర న్యాయం. ఘుణం అంటే కర్ర తొలిచే పురుగు. అది తిండి కోసం తొలుచుకుంటూ పోతే గీత అనుకోకుండా అక్షరంలా పడుతుంది. తెలియని మనిషి నోట తెలివైన మాట వస్తే ‘ఘుణాక్షరంలే’ అని పండితులు తోసేసేది ఇందుకే. అయితే తలకట్టు తిన్నగా సాగే దేవనాగరిలో ఒక అక్షరం పడాలంటే పురుగు నానా తంటాలు పడాలి. మెలికలు తిరిగే మన లిపిలో దానికి పని సులువు. అంటే ఆ అక్షరం పురుగు దగ్గర కంటే, చూసేవాడు చదివిన బడిలోనే ఎక్కువ ఉంది.

ఇక్కడే దేవుడి ప్రశ్న వస్తుంది. పదో శతాబ్దపు ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో, కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండాలని వాదించాడు. కార్యం ఉంటే కర్త ఉంటాడు. మరి రాయాలన్న తలంపే లేకుండా పడిన అక్షరం మాటేమిటి? చలికాలంలో తెలంగాణ చెరువులకు వలస వచ్చే సూదితోక బాతుల్లో మగదాని పక్కలు చూడండి. బూడిద రంగు ఈకల మీద సన్నటి వంకర గీతలు, ఎవరో కూర్చుని గీసినట్టే ఉంటాయి. రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తూ ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తే చాలు, చారలూ మచ్చలూ వాటంతటవే ఏర్పడగలవని 1952లో అలన్ ట్యూరింగ్ గణితంతో చూపాడు.

ఆ గణితం కర్త లేడని తేల్చలేదు. గీత అందంగా ఉన్నంత మాత్రాన కర్త ఉన్నాడని తేలదు, అంతే.

దీనికి తలకిందుల ఉదాహరణా ఉంది. లండన్‌లోని బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో 18వ శతాబ్దపు ఇళ్ల గుమ్మాల చుట్టూ ఉన్న దిమ్మెల మీద పురుగు తొలిచినట్టుండే నగిషీ కావాలనే పెట్టారు. అక్కడ కర్త ఉన్నాడు, పురుగు లేదు.

సాలగ్రామం సంగతి వేరు. నేపాల్‌లోని కాళీగండకిలో దొరికే ఈ నల్లరాళ్లలోని చక్రాలను వజ్రకీటం తొలిచిందని సంప్రదాయం చెబుతుంది. ఉలి తగలని రాయి కాబట్టి దీనికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదు. భూగర్భ శాస్త్రం దాన్ని అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజమంటుంది. ఆ జాతి అంతరించి దాదాపు 6.6 కోట్ల ఏళ్లయింది. పురుగు తొలిచిందన్నా, జీవి గుల్ల అన్నా, చక్రం వెనక ఒక ప్రాణి బతుకు ఉంది. పెరిగేకొద్దీ అది గదికి గది చేర్చుకుంది, చుట్టు వెడల్పయింది. బెరడు కింద తొలిచే పిల్లపురుగు దారీ అంతే: గుడ్డు పగిలిన చోట దారమంత, పురుగు ఎదిగేకొద్దీ వెడల్పు. మనం అక్కడ అక్షరం వెతుకుతాం. పురుగు రాసుకున్నది తన వయసు. పూజామందిరంలో సాలగ్రామానికి పాలతో అభిషేకం చేసే చేతులు, ఏ మనిషీ చెక్కని రూపానికే తలవంచుతున్నాయి. ఆ భక్తి అజ్ఞానం కాదు.

అక్షరం అంటే నశించనిది. దాన్ని తినేదీ పురుగే. పసుపు పూసి, నిమ్మగడ్డి నూనె రాసి కాపాడినా తాళపత్రాల కట్టలో ఒకే రంధ్రం ఆకు వెంట ఆకు దిగిపోతుంది. 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన సి.పి. బ్రౌన్ ఎన్నో ప్రతులు తెప్పించి సరిపోల్చవలసి వచ్చింది. ఒక ప్రతిలో చెడిన పాఠం ఇంకో ప్రతిలో దొరకవచ్చు. ఎక్కడా దొరకనిచోట నికార్సయిన పరిష్కర్త తన మాట చొప్పించడు. చుక్కలు పెట్టి, పక్కన ‘గ్రంథపాతం’ అని రాసి, తర్వాతి పాదానికి వెళతాడు.