జీవదయయు న్యాసధర్మమును

మృగశిర కార్తె ప్రవేశించి నల్లరేగడి తడిసిన పిమ్మట రైతు ఇంట జత ఎడ్లు లేకపోవుట అనగా ఏమో రాయచూరు జిల్లా వ్యాపార కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రత్తి అడితి నడిపినవారు, విత్తనములకు అప్పు ఇచ్చినవారు ఆ యేటి పద్దు ఎట్లు తేలునో ఆ నాలుగు వారములలోనే ఊహింపగలరు. ట్రాక్టర్లు వచ్చిన మాట నిజమే. అయినను చిన్న కమతపు రైతు గుంటక తోలుటకు నేటికిని ఎద్దునే నమ్ముకొనియున్నాడు. అట్టి ఒక రైతు సంతలో కొన్న ఎడ్లను లారీలో తెచ్చుకొనుచుండగా దారిలో పట్టుబడెనని భావింపుడు. క్రూరముగా తరలించుచున్నాడని ఫిర్యాదు చేసినది ఒక జీవదయా సంఘము. పశువులను అప్పగించుకొన్నదియు ఆ సంఘమువారి గోశాలయే. కేసు తేలుటకు రెండేండ్లు పట్టినది. రైతు నిర్దోషి యని తీర్పు వచ్చినది. అతడు పగ్గము చేతబట్టుకొని గోశాల వాకిట నిలిచినాడు. ఎడ్లేవి?

ఇటువంటి తగవులు వచ్చినప్పుడు సాధారణముగా జరుగునది ఒక్కటే. ఒక ప్రక్క అహింస, మరియొక ప్రక్క హింస నిలిచినట్లు మాటలాడుకొందురు. పశువును పట్టినవారు దయామయులు, విడువుమన్నవాడు కర్కశుడు అని ముందే తీర్మానమగును. ఈ విభజన తేలికైనది గాని సరియైనది కాదు. శ్రావకుడు స్వీకరించు అణువ్రతములు అయిదు. అహింస వాటిలో మొదటిది. మిగిలిన నాలుగింటిని మ్రింగివేయుటకు వచ్చినది కాదు.

ముందు పశువు యజమాని ధర్మమును చూడవలెను. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇక్కడ వధ యనగా చంపుట కాదు, కొట్టుట. కదలనీయక కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, మేతను నీటిని ఆపుట అని వీటి అర్థము. గమనింపదగిన సంగతి యేమనగా, ఇవి పశువును పోషించువానికి చెప్పిన మాటలు. పశువు లేనివానికి వీటితో అంతగా పనిలేదు. ఎద్దును కట్టుకొని, పని చేయించుకొని బ్రదుకు గృహస్థుడు ఉండునని అంగీకరించియే ఆ మేర గీయబడినది. భారత పార్లమెంటు 1960లో చేసిన జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షనులోని నేరముల పట్టిక చదివినవారికి ఈ అయిదును అందులో కనబడును. ఆ చట్టము రావలెనని రాజ్యసభలో పట్టుబట్టిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు జైనురాలు కాదు. అయినను పాతదియు క్రొత్తదియు ఒకచోటికే వచ్చి చేరినవి.

పశువును ప్రేమించువాడే దానిని నొప్పించుటయు లోకములో ఉన్నది. రాయచూరు పట్టణమున కారుహుణ్ణిమెకు, అనగా ఏరువాక పున్నమికి, మున్నూరుకాపు సమాజమువారు ముంగారు సాంస్కృతిక హబ్బ జరిపి ఎడ్లచేత బండలు లాగించు పోటీలు పెట్టుదురు. కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, తన బిడ్డలకంటె మిన్నగా ఆ యెడ్లను మేపినవాడే పోటీ వేళ వాటిని అదలించును. ఇది ప్రేమయా, హింసయా? సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టును, ఎడ్లబండి పందెములను నిషేధించినది. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు చట్టసవరణలు చేసికొన్నవి. కర్ణాటక సవరణ కంబళకును ఎడ్ల పందెములకును వర్తించును. ఆ సవరణలు చెల్లునని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2023 మే 18న తీర్పు చెప్పినది. తొమ్మిదేండ్లలో చట్టము ఇటునుండి అటు తిరిగినది. అతిభారారోపణము అను మాట అర్థము మాత్రము మారలేదు. బండ బరువు ఎద్దు సత్తువకు మించెనా లేదా అన్నది ప్రతి పోటీలో ప్రతి జతకు వేరుగా అడుగవలసిన ప్రశ్న. దానికి జవాబు బాగుగా తెలిసినవాడు ఆ యెద్దును మేపినవాడే. కనుక అతనిని శత్రువుగా చూచు జీవదయా సంఘము తన ముఖ్యసాక్షిని తానే పోగొట్టుకొన్నట్లు.

ఇక పట్టుబడిన పశువు సంగతి. 1960 చట్టము 35వ సెక్షను ప్రకారము మేజిస్ట్రేటు పశువును చికిత్సాలయమునకో పాంజరాపోలునకో పంపవచ్చును. పోషణ ఖర్చు యజమానిపై పడును; జిల్లా మేజిస్ట్రేటు నిర్ణయించిన రేటు చొప్పున చెల్లింపవలెను. యజమాని బీదవాడైనచో చికిత్స రుసుము లేకుండ చేయు అధికారము మేజిస్ట్రేటునకు ఉన్నది. గడువులోగా యజమాని తోలుకొనిపోనిచో పశువును అమ్మించి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును, రెండు నెలలలో అర్జీ పెట్టుకొన్న యెడల అతనికే ఇప్పింపవలెను. మిగులు సొమ్ము కూడ పాంజరాపోలుది కాదు! యాజమాన్యమును తొలగించు సెక్షను వేరే ఉన్నది, అది 29వది. నేరము రుజువైన పిదపనే అది పనిచేయును.

కేసు నడుచుచుండగా పశువు ఎవరి వద్ద ఉండవలెనన్న తగవు గుజరాతులోని దేవ్‌దర్ పాంజరాపోలు విషయమున సుప్రీంకోర్టు దాక పోయినది. 1998లో వచ్చిన ఆ తీర్పును పాంజరాపోలు కమిటీలలోని ప్రతి ధర్మకర్తయు చదువదగును. పాంజరాపోలు ఆశయము మెచ్చదగినదని న్యాయస్థానము చెప్పినది. కాని ఆశయము మంచిదైనంత మాత్రమున పశువు దానికే చెందవలెనను నియమము లేదన్నది. నేరారోపణ ఎంత తీవ్రమైనది, యజమాని మునుపు శిక్షపడినవాడా, పట్టుకొన్ననాడు పశువు ఏ స్థితిలో ఉన్నది, తిరిగి హింసకు గురియగునా అని చూడవలెను. మొదటిసారి ఆరోపణకు గురియైన యజమానికే కేసు ముగియువరకు ఎక్కువ హక్కు. అంతటితో ఆగక పాంజరాపోలును గూర్చియు రెండు ప్రశ్నలు వేసినది: అది ఎవరికి జవాబుదారి? తనకు అప్పగించిన పశువులను బాగుగా చూచుకొన్న చరిత్ర దానికి ఉన్నదా?

ఈ కడపటి ప్రశ్న చాలమందికి నచ్చదు. దయతో పనిచేయువారిని లెక్క అడుగుటయా అని నొచ్చుకొందురు. పద్దుపుస్తకములతో పెరిగిన కుటుంబములవారు అట్లు నొచ్చుకొనుట వింతయే. కేంద్రప్రభుత్వము 2017లో చేసిన నిబంధనలు పట్టుబడిన పశువులను కేసు నడుచునంత కాలము గోశాలలలోనే ఉంచుటకును, పోషణ ఖర్చునకు యజమాని నుండి బాండు పుచ్చుకొనుటకును ఏర్పాటు చేసినవి. నేరము రుజువు కాకముందే పశువును బ్రతుకుతెరువుగా గలవాని నుండి ఎట్లు తీసికొందురని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వమును నిలదీసినది. బీదరైతు ఎడ్ల వెలను మించి మేత ఖర్చు పెరిగిన పిమ్మట అతడు నిర్దోషియైనను కాకున్నను భేదమేమి? ఎడ్లు పోయినట్లే.

పరుల ఖర్చుతో చేయు దయను గూర్చి గాంధీమహాత్ముడు 1926లోనే కఠినముగా వ్రాసెను. అహమ్మదాబాదులో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్, జైన కుటుంబమువాడు, తన ఆవరణములో చేరిన అరువది వీధికుక్కలను చంపించినప్పుడు ఊరిలో పెద్ద దుమారము రేగినది. గాంధీజీ ఆయనను సమర్థించెను. చంపుటను జైన శ్రావకుడెవడును ఒప్పుకొనజాలడు. ఆ విషయమున గాంధీజీతో విభేదించినవారి పక్షము బలమైనదే. కాని ఆయన వాదములో రెండవ భాగము ఒకటి ఉన్నది. వీధిలో రొట్టెముక్క విసరి ఇంటికి పోవుట దయ కాదు, కుక్కకు యజమాని ఉండవలెను, దయ గలవాడు దాని భారము కూడ మోయవలెను అన్నదే ఆ వాదము. తొంబదితొమ్మిదేండ్ల తరువాత, 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు జంతుప్రేమికులకు చెప్పినదియు ఇంచుమించు ఇదియే: కావలసినవారు మునిసిపాలిటీకి అర్జీ పెట్టి దత్తు తీసికొనవచ్చును, అవి మరల వీధిన పడకుండ చూచు బాధ్యత వారిదే.

పట్టుబడిన ఎద్దుకు మాత్రము యజమాని ముందే ఉన్నాడు. అందుచేత గోశాల స్థానము యజమాని స్థానము కాదు, న్యాసము పట్టినవాని స్థానము. న్యాసమనగా నమ్మి దాచుమని ఇచ్చినది, ఇల్లు దాచిన సొమ్ము. తత్త్వార్థసూత్రము సత్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో న్యాసాపహారము ఒకటి. దీనిని అస్తేయవ్రతము క్రింద గాక సత్యవ్రతము క్రింద పెట్టుటలో లోతైన పరిశీలన ఉన్నది. దాచినదానిని కాజేయువాడు గోడ దూకనక్కరలేదు, తాళము పగులగొట్టనక్కరలేదు. అడుగవచ్చినవానితో 'లేదు' అనిన చాలును. ఒక్కొక్కప్పుడు ఊరకున్నను చాలును. ఆ అయిదింటిలోనే కూటలేఖక్రియ, అనగా దొంగవ్రాత, కూడ ఉన్నది. పశువును మరియొక ఊరి గోశాలకు చేర్చి ఇక్కడి పుస్తకములో 'చనిపోయినది' అని వ్రాసినచో ఈ రెండు అతిచారములును ఒక్క కలము పోటుతో జరిగినవి. వ్రాసినవాని మనస్సులో జీవదయయే ఉండవచ్చును. వ్రతము మనస్సునకే గాక పుస్తకమునకును వర్తించును.

వ్యాపారులకు ఇది క్రొత్త పాఠము కాదు. బేరములో బస్తాకు, బేలుకు ఇంత అని కొన్నవాని వద్ద ధర్మాదాయము పట్టుట పాత ఆచారము. పాంజరాపోలులు ఆ సొమ్ముతోనే పెరిగినవి. బొంబాయి పాంజరాపోలు 1834లో సర్ జంషెట్‌జీ జీజీభాయ్, అమీచంద్ షా అను వర్తకుల పూనికతో వెలసినది. ఒకరు పార్సీ, ఒకరు జైనుడు. అట్లు వసూలైన ధర్మాదాయము వ్యాపారి ఆదాయమా అని ఆదాయపు పన్నువారు అడుగగా, బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు కాదని చెప్పినది. అది వ్యాపారి చేతిలో ఉన్నను వ్యాపారిది కాదు, మొదటినుండియు ధర్మమునకు కట్టుబడిన సొమ్ము. ఆ వాదముతో పన్ను తప్పించుకొన్నవారు గోశాలలోని ఎద్దు విషయమున వేరు వాదము చేయరాదు.

ఇక అన్నిటికంటె కష్టమైన సందర్భమున్నది. కోర్టు పశువును విడువుమన్నది. తోలుకొనిపోవువాడు రైతు కాడని, పశువు తిన్నగా కసాయి చేతికి పోవునని ధర్మకర్తలకు గట్టి అనుమానము. అప్పుడు చేయదగినదేమి? కర్ణాటకలో 2020 నాటి గోవధ నిషేధ చట్టము ఉన్నది. ఆధారము చూపి పై కోర్టుకు పోవచ్చును. ఆధారము లేక అనుమానము మాత్రమే ఉన్నచో దానికి పశువును దాచు అధికారము లేదు. వెల ఇచ్చి కొనవచ్చును. కాని యజమాని ఇష్టపడి అమ్మవలెను. మేత బిల్లు చూపి బెదరించి వ్రాయించుకొన్నది కొనుగోలు కాదు. కొనుటలోను చిక్కున్నది. కసాయికి అమ్మువానికి మంచి ధర ముట్టిన అతడు ఆ సొమ్ముతో రేపు మరి రెండు పశువులను కొనును. అభయదానము పేరిట సంత ధర పెంచిన ఉదారులు లేకపోలేదు. ఈ దారులేవియు ఫలింపక పశువు చావునకే పోవుటయు జరుగవచ్చును. ఆ బాధ నిజమైనది. దానిని తక్కువచేసి చెప్పుట తగదు. అయినను ఒక దొంగవ్రాతతో దానిని తప్పించిన గోశాలకు ఆ తరువాత ఏ మేజిస్ట్రేటును పశువును పంపడు, ఏ రైతును కరవునాడు తన గొడ్లను నమ్మి అప్పగింపడు. రాయచూరువంటి వానలు నమ్మరాని సీమలో ఈ రెండవ నష్టము ఎన్ని పశువుల ప్రాణములకు సమానమో ధర్మకర్తలే లెక్క వేసికొనవలెను.

స్వాధీనము చేసికొన్న వస్తువును భద్రముగా ఉంచి తిరిగి ఇయ్యవలసిన బాధ్యతకు ఒప్పందము అక్కరలేదని సుప్రీంకోర్టు 1967లో గుజరాతు ప్రభుత్వము కక్షిదారుగా నున్న, స్వాధీనములో చిక్కిన వాహనముల కేసులో చెప్పియున్నది. వాహనము ఈనదు, పశువు ఈనును. గోశాలలో చూడిఆవు ఈనినచో దూడ ఎవరిదన్న తగవునకు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 163వ సెక్షను క్రింద ఉదాహరణ ఒకటి ముందే సిద్ధముగా ఉన్నది. ఒకడు తన ఆవును చూచుకొమ్మని మరియొకని వద్ద విడిచెను, ఆవు ఈనెను, చూచుకొన్నవాడు ఆవుతోబాటు దూడను కూడ యజమానికి ఒప్పగింపవలెను.