లేచిన తరువాత

చదవవలసిన భాగం: మార్కు సువార్త 5:21–43

యాయీరు కూతురు లేచి నడిచింది. ఇల్లంతా విస్మయంలో మునిగి ఉండగా ప్రభువు ఇంటివాళ్లకు ఒక పని చెప్పాడు: పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. చనిపోయిన పన్నెండేళ్ల పిల్లను లేపినవాడు ఆకలి తీర్చలేడా? తీర్చగలడు. అయినా ఆ పని ఇంటివాళ్ల చేతికే అప్పగించాడు.

కిడ్నీ మార్పిడి జరిగిన బిడ్డల తల్లిదండ్రులకు ఈ మాట బరువు తెలుసు. పెద్ద జబ్బంటే ఒంగోలులో రైలెక్కి కాట్పాడిలో దిగి రాయవేలూరు పోవడం మన కొత్తపట్నం వైపు ఎప్పటి నుంచో ఉన్నదే. మన దేశంలో బతికున్న మనిషి ఇచ్చిన కిడ్నీని తొలిసారి విజయవంతంగా అమర్చింది 1971లో, అక్కడి సీఎంసీ ఆసుపత్రిలోనే. బిడ్డకు కిడ్నీ ఇచ్చేది చాలాసార్లు అమ్మే.

డయాలసిస్ రోజుల్లో నీళ్లు కొలిచి పోస్తారు. రోహిణి ఎండల్లో బిడ్డ ఖాళీ గ్లాసు నాకుతుంటే చూడలేక, వాడి కంటపడకుండా పెరట్లోకి వెళ్లి నీళ్లు తాగే తల్లులున్నారు. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లూ వద్దంటారు. మార్పిడి అయ్యాక అదే తల్లి సీసా పట్టుకుని, "ఇంకో గుక్క తాగు నాన్నా" అని వెంటపడుతుంది. స్తోత్రం చెప్పడానికి ఇంకేం కావాలి!

అయితే కొత్త కిడ్నీని ఒళ్లు అంత తేలిగ్గా తనదనుకోదు. టాక్రోలిమస్ లాంటి మందులు ఉదయం, రాత్రి, పన్నెండు గంటల ఎడంతో, ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేయాల్సిందే. మందు మోతాదు చూసే రక్తపరీక్ష రోజున మాత్రం రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర. స్టెరాయిడ్లకు మొహం ఉబ్బుతుంది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి బళ్లో తోటివాళ్ల మాటలు గుచ్చుకుంటాయి. ఒంట్లో బాగానే ఉందిగా అని మాత్ర దాటేస్తారు. ఎదిగే పిల్లల్లో చక్కగా పనిచేస్తున్న కిడ్నీ చెడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆ వయసు బిడ్డను కసరడం సరికాదంటాను. పక్కన కూర్చుని మాత్ర, నీళ్లు అందించండి. "దేవుడు బాగుచేశాడు, ఇంకా మందులెందుకు" అనే మాట మాత్రం ఆ గడపలో ఎవరూ అనకండి. లేపినవాడే అన్నం పెట్టమన్నాడు.

యాయీరు ఇంట్లో వేరే పిల్లలున్నారో లేదో సువార్త చెప్పలేదు. మన ఇళ్లలో ఉంటారు. అమ్మ వేలూరులో అద్దె గదిలో అక్కతో ఉంటే తమ్ముడు అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు. ఫోనులోనూ, గుడిలోనూ అందరూ వాణ్ణి అక్క సంగతే అడుగుతారు. వాడి జ్వరం, వాడి పరీక్షలు ఎవరికీ పట్టవు. సంఘానికి పని ఇక్కడుంది. వాణ్ణి బడికి దింపండి. కిడ్నీ ఇచ్చి వచ్చిన తల్లి కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, ఆమె మంచినీళ్ల బిందె మీరు తెచ్చిపెట్టండి. దగ్గు, జలుబు ఉన్నప్పుడు ఆ బిడ్డను చూడటానికి వెళ్లకండి. మీ ఇంట్లోనే మోకరించండి, దేవుడు వింటాడు.

ప్రార్థన: తండ్రీ, మాత్ర మింగనని మారాం చేసే బిడ్డనూ, ఓర్పు నశించిన తల్లినీ ఈ రోజు ఆదుకో. పరీక్షల కాగితం కోసం కాచుకున్న కుటుంబాలకు ధైర్యమివ్వు. అమ్మమ్మ ఇంట్లో ఉన్న పిల్లవాణ్ణి మాకు గుర్తుచెయ్యి. యేసు నామమున అడుగుతున్నాము, ఆమేన్.