ఆటలో కుక్కకుఁ దగిలిన దెబ్బ

గడచిన వేసవిలో నొక యాదివారము సాయంకాలము నేను మా పెరటిలో కుక్కతో నాడుచుంటిని. ఎండుకొమ్మ నొకదానిని నేను విసరుటయు, అది పరుగెత్తిపోయి తెచ్చి నా పాదములయొద్ద నుంచుటయు మాకు నిత్యము జరుగుచుండిన వినోదమే. ఆనాఁడు విసరిన కొమ్మ యొక కొన నేలలో దిగఁబడి, రెండవ కొన పైకి నిలిచినది. కుక్క నోరు తెఱచుకొని వేగముగా వచ్చి దానిపైఁ బడి, ఒక్క కేక వేసి వెనుకకు దుమికినది. నేను పోయి చూడఁగా నాలుకక్రింద కొంచెము రక్తము కనఁబడెను. నీళ్లతో కడిగితిని. పావుగంటలో నది తోక యాడించుచు మరల నాయొద్దకు వచ్చెను. “పొరపాటున తగిలినది, ఏమియు లేదు” అని యింటివారితోఁ జెప్పి, మఱునాఁటి వ్యాజ్యపు కాగితములు చూచుకొనుటకు లోపలికిఁ బోయితిని.

మూఁడవ నాఁడు అది అన్నము ముట్టలేదు. దవడక్రింద వాచెను. పశువైద్యుఁడు మత్తు ఇచ్చి, గొంతులోపల దిగియుండిన పుల్లముక్కను, బొటనవ్రేలి పొడవు గలదానిని, తీసివేసెను. ప్రాణభయము తప్పినది. ఇంటికి వచ్చిన పిమ్మట పదియేండ్ల మా అమ్మాయి నన్నడిగినది: “నాన్నగారూ, కొమ్మ గ్రుచ్చుకొనుట పొరపాటు. రెండు దినములు ఎవరికిని చూపింపకపోవుట కూడ పొరపాటేనా?” ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో ఇతరులను ప్రశ్నించుటయే వృత్తిగాఁ గల నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

“పొరపాటు” అను మాటతో విచారణ ముగిసినదని చదువుకొన్నవారిలోఁ బెక్కండ్రు తలంతురు. ఈ తలంపునకు మా వృత్తివారమే కొంత కారణమని నా యనుమానము. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 80వ సెక్షను ప్రమాదవశమున జరిగినది నేరము కాదనెను. 2024 జూలై 1వ తేదీనుండి దానికి బదులుగా అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 18వ సెక్షనును ఆ మాటయే చెప్పుచున్నది. అయితే వట్టి ప్రమాదమును ఆ సెక్షను క్షమింపలేదు. దురుద్దేశము గాని, కీడు కలుగునను ఎఱుక గాని లేకుండవలెను. పని న్యాయసమ్మతమైనదై, చేసిన రీతి సక్రమమైనదై, తగినంత జాగ్రత్తతో చేయఁబడినదై యుండవలెను. “ప్రమాదము” అను మాట మనకు జ్ఞాపకముండును; “జాగ్రత్త” యను మాటను మఱచిపోవుదుము. అదియుఁగాక ఆ సెక్షను దెబ్బ తగిలిన క్షణమును గూర్చియే చెప్పినది గాని, అటుపిమ్మటి రెండు దినములను గూర్చి యేమియుఁ జెప్పలేదు. శిక్ష లేదనుట వేఱు, చేయవలసిన పని లేదనుట వేఱు.

శాసనము చిరకాలము కుక్కను బాధపడు ప్రాణిగాఁ గాక యొకరి యాస్తిగానే చూచినది. పాత స్మృతిలో జంతువును చంపుట, అంగవిహీనము చేయుట అను నేరములు ఆస్తిని గూర్చిన ప్రకరణముననే యుండెను. 428వ సెక్షను పది రూపాయలైన వెల చేయు జంతువును గూర్చి మాత్రమే పలికెను. వీథికుక్కకు పది రూపాయల వెల కట్టువాఁ డెవఁడు? కొత్త సంహితలోని 325వ సెక్షను ఈ వెలల లెక్కను తీసివేసినది, మంచిపని. అంతకుముందే, 1890 నాఁటి జంతుహింసా నివారణ చట్టమునకు మాఱుగా వచ్చిన 1960వ సంవత్సరపు చట్టము తన 3వ సెక్షనులో, జంతువును తన సంరక్షణమున నుంచుకొన్న ప్రతివాఁడును దాని క్షేమమునకును, దానికి అనవసరమైన బాధ కలుగకుండుటకును తగిన యుపాయములన్నియు చేయవలెనని విధించినది. కొట్టకుమనుట యొక యాజ్ఞ. చూచుకొనుమనుట మఱియొక యాజ్ఞ. “కావలెనని చేయలేదు” అనునది మొదటిదానికి సమాధానమగును, రెండవదానికి కానేరదు.

ఇద్దఱు మల్లులు గోదాలోనికి దిగినప్పుడు చేయి విఱిగినను ఒకరినొకరు నిందించుకొనరు. ఇద్దఱును ఎఱిగియే దిగినవారు. కుక్క ఆటకు ఒప్పుకొన్నదే కాని అపాయమునకు ఒప్పుకొనలేదు. కొమ్మను ఏఱుకొన్నవాఁడను నేను, విసరినవాఁడను నేను, ఎప్పుడు చాలింపవలెనో నిర్ణయింపవలసినవాఁడను నేను. యజమానుఁడు విసరినంతకాలము తాను పరుగెత్తుట దాని స్వభావము. చెమటచే ఒడలు చల్లార్చుకొను శక్తి దానికి లేదనవచ్చును. నాలుక చాఁచి ఒగర్చుటయే దిక్కు. కాఁబట్టి మన మధ్యాహ్నపుటెండలలో బంతియాట దానికి ప్రాణాంతకము కావచ్చును. పిల్లల చేతులనుండి జాఱిపడిన కుక్కపిల్లకు ఎదుగుచున్న లేఁత యెముకలు సులభముగా విఱుగును. గుడ్డను పండ్లతోఁ బట్టించి పైకెత్తి గిరగిర త్రిప్పుట కొందఱికి వేడుక. దాని మెడకును పండ్లకును చేటు. ఇవన్నియు వైద్యుఁడు చెప్పఁగా నేను ఆలస్యముగాఁ దెలిసికొన్నవి. కుక్కను ఇంటికిఁ దెచ్చిన దినముననే తెలిసికొనవలసినవి.

అది తోక యాడించుచు వచ్చినది కదా యని నేను తృప్తిపడితిని. ఆ తోకను నేను చెల్లుచీటిగా భావించుకొంటిని. నొప్పిని బయటపెట్టక దాఁచుకొనుట కుక్కలకు సహజమఁట. అది క్షమించినదో లేదో నాకుఁ దెలియదు. క్షమించియే యున్నను, గొంతులోని పుల్ల క్షమచేత బయటికి రాదు.

ఆదిపర్వారంభముననే సరమ కథ యున్నది. జనమేజయుని తమ్ములు యజ్ఞవాటమునకు వచ్చిన కుక్కపిల్లను నిష్కారణముగాఁ గొట్టిరి. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడుగఁగా ఎవరును బదులు పలుకలేదు. అది పొరపాటు కాదు, బుద్ధిపూర్వకమైన దెబ్బ. ఆ రాజకుమారులతో నన్ను పోల్చుకొనుట న్యాయము కాదని మిత్రుఁ డొకఁడు నాతో వాదించెను. దెబ్బ విషయమున అతని మాట నిజమే. బదులు పలుకకుండుట విషయమున మాత్రము నేను వారికంటె మేలనుకొనుటకు నాకుఁ గారణము కనఁబడలేదు.

ఆ పర్వముననే మాండవ్యుని కథయు నున్నది. బాల్యమున ఆటగా తూనీఁగలను పుల్లలతో గ్రుచ్చినందుకు ఆ ముని పెద్దయైన పిమ్మట శూలమున వ్రేలాడవలసివచ్చెను. తెలియని వయసున చేసినదాని కింత దండన యేమని యతఁడు యముని శపించి, పదునాలుగేండ్లవఱకు పిల్లలు చేసినది పాపము కాదని కట్టడి చేసెను. ఈ తీర్పు నాకు మిక్కిలి యిష్టము. అయితే ఇది పిల్లవానిని విడుదల చేసినదే కాని, వాని చేతికి కుక్కపిల్లనిచ్చి వీథి యరుగుమీఁద ముచ్చటలాడుచు కూర్చున్న పెద్దవారిని విడుదల చేయలేదు. పిల్లవాఁడు పడవేసినప్పుడు వానిని కొట్టుటవలన నేమియు లాభము లేదు. దెబ్బ దాఁచిపెట్టుట నేర్చుకొనును. వానిని వెంటఁబెట్టుకొని వైద్యునియొద్దకుఁ బోవలెను.

పొరుగువాని కుక్కకు మనవలన దెబ్బ తగిలెనేని వెంటనే అతనికిఁ జెప్పి వైద్యునికిచ్చు సొమ్ము మనమే యిచ్చుకొనవలెను. ఇందు వాదమునకుఁ జోటు లేదు. వీథికుక్క విషయమే కష్టము. దినమును మన పిల్లలతో నాడినప్పుడు అది మనది. కాలు విఱిగిననాఁడు మునిసిపాలిటీది! మఱికొందఱు శనివారమునాఁడు కుక్కలకు పెరుగన్నము పెట్టి దోషము పోయినదందురు. అన్నము పెట్టుట మంచిదే. కుంటుచున్న కుక్క ఆ వీథిలోనే యుండఁగా వేఱు కుక్కలకు పెట్టిన యన్నముచేత దాని కాలు అతుకుకొనదు.

ఒక మాట. గాయపడిన కుక్క బాధచేత తనవారినే కఱవవచ్చును, మెల్లగా పట్టుకొనవలెను. ఇంటిలోని మన నొప్పిమాత్రలను దానికి వేయరాదు. పారసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి కుక్కలకు విషప్రాయములు. జాలిచేత వేసి చంపుకొన్నవారు కలరు.

మా అమ్మాయికి వారము దినముల తరువాత జవాబు చెప్పితిని. “మొదటిది పొరపాటు, రెండవది నా తప్పు” అంటిని. అది విని, కుక్క మందుసీసా నా చేతికిచ్చి, రాత్రి మోతాదు మీరే వేయుఁడని చెప్పి నిద్రింపఁబోయినది. కుక్క ఇప్పటికిని పెరటిలో ఎండుకొమ్మ నేదో యొకదానిని తెచ్చి నా పాదములయొద్ద నుంచుచున్నది. నేను దానిని తీసి గోడమీఁద పెట్టి, గుడ్డబంతి విసరుచున్నాను.